తిరుగలి యంత్రము గెలిచిన పందెము



మా ఊరు ఆమదాలవలస. ఆ పేరు పలికినంతనే చెవికి ఆముదము తగులును. మా పెద్దల కాలమున గానుగాడిన ఆముదము దీపమునకును, తలకును, బండి యిరుసునకును కూడ పనికివచ్చెడిది. ఆ ఆముదము ఇరుసును విడిచి ఆకాశమున కెగిరిన కాలము కూడ ఒకటి కలదు. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధములోని విమానములలో కొన్నిటి యంత్రములు తమ సిలిండర్లతో సహా గిరగిర తిరిగెడివి. వానికి ఆముదమే కందెన. అది సగము కాలి, ఆవిరియై, విమానము నడుపువాని ముఖమునకు కొట్టుచుండెడిది. ఆ ఆవిరిని మ్రింగినవానికి, ఆముదము త్రాగినవానికి కలుగు ఫలమే కలిగెడిదని చెప్పుదురు.

నేడు నేను చెప్పబోవునది ఆ విమానయంత్రము గాదు. తిరుగుడు యంత్రమను పేరు రెంటికి నొక్కటియే గాని జాతి వేఱు. ఇది జపాను దేశపు హిరోషిమా నగరమున పెరిగి, ఫ్రాన్సు దేశమందలి లె మాన్ అను పట్టణమున 1991వ సంవత్సరమున ఒక గొప్ప కారు పందెమును గెలిచిన యంత్రము. దానిని మోసిన కారు పేరు మాజ్డా 787బి.

పల్లెటూరి పెద్దలకు పందెపు కారుతో పని యేమని మీరడుగవచ్చును. నాకు దానితో పని కలిగినది ఒక తప్పు మూలమున. నేను ఉపాధ్యాయుడనై యుండగా ఈ కథను పిల్లలకు పలుమాఱులు చెప్పితిని. చిన్నవాడు గెలిచినందులకు పెద్దలు ఓర్వలేక, మఱుసటి యేటికే వాని యంత్రమును పందెమునుండి వెడలగొట్టిరని ముగించెడివాడను. పిల్లలు నిట్టూర్చెడివారు. నాకును ఆ ముగింపు ఇంపుగానే యుండెడిది. పిదప, మోటారు పరిశ్రమలో కుదిరిన నా పూర్వ విద్యార్థి యొకడు సంక్రాంతికి ఊరికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, మాస్టారు చెప్పిన కథలో సంవత్సరములు వెనుకముందైనవని మెల్లగా చెప్పెను. విచారించి చూడగా వాడు చెప్పినదే నిజము. చరిత్రలో పూర్వాపరములు తాఱుమాఱైనచో న్యాయాన్యాయములు కూడ తాఱుమాఱగును. కావున నేటి ప్రసంగము నాకు ఒక బాకీ తీర్చుకొనుట వంటిది.

ముందుగా యంత్రము సంగతి విన్నవించెదను. మామూలు మోటారు యంత్రము రోకలి వంటిది. గొట్టము వంటి సిలిండరులో పిస్టను పైకి పోవును, ఆగును, క్రిందికి వచ్చును, మఱల ఆగును. ఆ పోటును త్రిప్పుడుగా మార్చుటకు వంకర యిరుసు ఒకటి కావలయును. తిరుగలి అట్లు కాదు. అది ఒక వైపునకే తిరుగుచుండును. ఆగి వెనుకకు మరలు శ్రమ దానికి లేదు. మన యిండ్లలో రోకలియు, తిరుగలియు రెండును ఉన్నవి గదా, మోటారులో మాత్రము తిరుగలి ఏల ఉండరాదని ఆలోచించినవాడు ఫెలిక్స్ వాంకెల్ అను జర్మను దేశీయుడు. ఆతడు 1902లో లార్ అను ఊర పుట్టెను. విశ్వవిద్యాలయపు చదువు లేదు. చూపు మందము, కారు నడుపుటకు వలయు అనుమతిపత్రమును జన్మమున పొందలేదు. అట్టివాని యంత్రము ఎన్.ఎస్.యు. అను సంస్థ ఆశ్రయమున 1957లో మొదటిసారి తిరిగెను. ఆ సంస్థలోని హాన్స్ డీటర్ పాష్కె అను ఇంజనీరు దానిని సులువుపఱచెను. ఆ సులువైన రూపమే తరువాత లోకమున వ్యాపించినది.

రెండు గింజల వేరుసెనగకాయను మనస్సున నుంచుకొనుడు. నడుమ కొంచెము నొక్కుకొనియుండు ఆ ఆకారముగల పెట్టెలో, ప్రక్కలు ఉబ్బిన ముక్కోణపు దిమ్మ యొకటి తిరుగుచుండును. దాని మూడు కొనలును ఎల్లప్పుడు గోడను తాకుచునే యుండును. అందువలన దిమ్మకును గోడకును నడుమ మూడు అఱలు ఏర్పడును. దిమ్మ తిరిగినకొలది ప్రతి అఱయు పెద్దదగుచు, చిన్నదగుచు నుండును. పెద్దదగునపుడు పెట్రోలు కలిసిన గాలిని పీల్చును. చిన్నదగునపుడు దానిని అదుమును. అంతట నిప్పురవ్వ తగిలి, మండి, దిమ్మను నెట్టును. పిమ్మట పొగ వెలికి పోవును. ఈ నాలుగు పనులును మూడు అఱలలో ఒకదాని వెంట నొకటి ఎడతెగక జరుగుచుండును. దిమ్మ ఒకమాఱు తిరుగునప్పటికి ఇరుసు మూడు మాఱులు తిరుగును. ఎగిరిపడు భాగములు లేవు గనుక అదురు తక్కువ. కవాటములు లేవు గనుక చిక్కులు తక్కువ. చిన్న పెట్టెలోనుండి పెద్ద బలము వచ్చును.

ఇంత సుగుణవంతమైనదైనచో లోకమంతయు దీనినే ఏల పట్టుకొనలేదు? ఆ మూడు కొనలే కారణము. కొన కొనకును ఒక సన్నని పట్టె అమర్చి, అది గోడకు ఒఱయుచు అఱలోని గాలిని ప్రక్క అఱలోనికి పోనీయకుండ కాపాడవలెను. ఒత్తిడి ఎక్కువైనచో పట్టె అరుగును. తక్కువైనచో గాలి జాఱును. ఈ చిన్న పట్టె యొద్దనే పెద్ద పెద్ద సంస్థలు ఓడిపోయినవి.

ఇక హిరోషిమాకు వత్తము. అచ్చట 1920లో సీసా బిరడాలకు వాడు బెండు సరకు చేయుటకై ఒక కంపెనీ ఏర్పడెను. దాని యాజమాన్యము జుజిరో మత్సుదా చేతికి వచ్చిన తరువాత అది తోయో కోగ్యో అను పేర యంత్రముల తయారీకి దిగి, 1931లో మూడు చక్రముల సరకు బండ్లను చేయ నారంభించెను. ఆ బండ్లకు మాజ్డా అని పేరు. అది పారశీకుల వెలుగు దేవతయైన అహుర మజ్దా పేరునకును, యజమాని యింటిపేరునకును కూడ సరిపడునట్లు పెట్టిన పేరు. 1945 ఆగస్టు 6వ తేదీన ఆ నగరముపై అణుబాంబు పడినది. కర్మాగారము నగరమునకు వెలుపల, ఒక కొండకు ఆవలి ప్రక్క నుండుటచే నిలిచినది. కార్యాలయములు కూలిపోయిన ఆ మండల ప్రభుత్వము కొంతకాలము ఆ కర్మాగారపు కట్టడములలోనే పని నడిపెను. ఆ యేటి డిసెంబరు నెలకే అచ్చట మూడు చక్రముల బండ్లు మఱల తయారు కాజొచ్చెను. బూడిదలోనుండి సరకు మోయుటకు ఆ ఊరికి బండ్లు కావలసియుండెను గదా.

జుజిరో కుమారుడు త్సునెజి మత్సుదా 1951లో సంస్థకు అధ్యక్షుడయ్యెను. చిన్న సంస్థలు పెద్ద వానిలో కలిసిపోవలసివచ్చునని జపానున మాటలు పుట్టిన కాలమది. తమకు ప్రత్యేకమైన విద్య యొకటి యున్నగాని నిలువలేమని ఆతడు తలచి, 1961లో జర్మనీ వారితో ఒడంబడిక చేసికొని వాంకెల్ యంత్రపు హక్కును కొనెను. 1963లో కెనిచి యమమొతో అను ఇంజనీరును నాయకునిగా చేసి, నలువదియేడుగురు ఇంజనీర్లతో ప్రత్యేక శాఖను నిలిపెను. జపాను వారి పురాతన గాథలలో ప్రభుభక్తి గల నలువదియేడుగురు వీరుల కథ ప్రసిద్ధము. కావున ఆ లెక్కను వారు శుభముగానే తలచిరి.

పని మాత్రము శుభముగా మొదలు కాలేదు. కొంతసేపు తిరిగినంతనే కొనల పట్టెలు అదరి, పెట్టె లోపలి గోడమీద వరుసగా గాట్లు పడుచుండెను. ఆ గాట్లకు వారు దయ్యపు గోటిగీతలని పేరుపెట్టిరి. పట్టెలకు ఎన్నెన్నో పదార్థములను వాడి చూచి, తుదకు కర్బనములో అల్యూమినియము ఇంకించి చేసిన పట్టెను కనుగొనిరి. గీతలు ఆగినవి. 1967 మే 30వ తేదీన కాస్మో స్పోర్ట్ అను రెండు దిమ్మల కారు బజారులోనికి వచ్చెను. మఱుసటి యేడు జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ బాటమీద 84 గంటల పందెమునకు రెండు కాస్మో కార్లను పంపిరి. ఒకటి 82వ గంటలో ఆగిపోయెను. రెండవది నాలుగవదిగా చేరెను. వేగమునకు కాక ఓర్పునకు పరీక్ష పెట్టు పందెములలోనే తమ యంత్రమును నిలుపవలెనన్న తలంపు ఆనాడే మొలకెత్తినది.

తరువాత 1973లో చమురు కఱవు వచ్చెను. తిరుగుడు యంత్రమునకు పెట్రోలు దాహము ఎక్కువ యన్న అపకీర్తి లోకమంతట ప్రాకెను. అమెరికాలో గొప్పదైన జనరల్ మోటార్సు సంస్థ ఈ యంత్రపు ప్రయత్నమును విడిచెను. ఫ్రాన్సులోని సిట్రోయెన్ సంస్థ తాను అమ్మిన తిరుగుడు కార్లను వెనుకకు కొని తీసికొనెను. పుట్టినిల్లయిన జర్మనీలోనే 1977తో ఎన్.ఎస్.యు. వారి పెద్ద కారు తయారీ నిలిచిపోయెను. హిరోషిమా సంస్థకును దివాలా దశ దాపురించి, బ్యాంకు చేయూతతో నిలువవలసివచ్చెను. అయినను యమమొతో బృందము యంత్రమును విడువక, దాని దాహమును తగ్గించు పనికి పూనుకొనెను. ఆరంభశూరత్వము లోకమున సులభము. ఎల్లరును విడిచిన పనిని విడువకుండుట కష్టము.

లె మాన్ పందెమును గుఱించి ఇపుడు చెప్పవలెను. అది 1923లో మొదలైనది. మన వైపు జరుగు ఎడ్ల పరుగు వంటిది కాదు. ఎవడు ముందుగా గీత దాటునను ప్రశ్న అచ్చట లేదు. నియమిత దినమున సాయంకాలము బయలుదేరి, ఇరువదినాలుగు గంటలు పగలు రేయి నడపి, ఎవడు ఎక్కువ దూరము పోయెనో వాడు గెలిచినవాడు. శ్రీముఖలింగపు జాతరకు రాత్రియంతయు బండి తోలుకొని పోయిన పెద్దలకు ఇందలి సూక్ష్మము వెంటనే తెలియును. ఎద్దు బలమైనంత మాత్రమున చాలదు. ఇరుసు నిలువవలెను, కాడి నిలువవలెను, కడచీల ఊడకుండవలెను, తోలువాడు నిదుర పోకుండవలెను. 1991 నాటి ఆ బాట చుట్టు 13.6 కిలోమీటర్లు, అనగా ఇంచుమించు ఆమదాలవలస నుండి శ్రీకాకుళము పోవునంత దూరము. ఒక్కొక్క కారును ఇద్దఱో ముగ్గురో వంతులవారీగా నడుపుదురు.

ఆ బాటకు మాజ్డా తిరుగుడు యంత్రము మొదట వచ్చినది 1970లో, ఒక బెల్జియము జట్టువారి కారులో. అది పందెము ముగియకుండగనే ఆగిపోయినది. 1973లో సిగ్మా అను జపాను జట్టు ఇదే యంత్రముతో వచ్చెను. అదియు పూర్తి చేయలేదు. 1974లో ఆ జట్టు కారు చివరి వఱకు తిరిగినను, చాలినంత దూరము పోలేదని లెక్కలో చేర్పబడలేదు. 1979లో మాజ్డా వారి కారు పందెమున నిలుచుటకు వలయు వేగమునే అందుకొనలేకపోయెను. 1981లో రెండు కార్లు వచ్చి రెండును ఆగినవి. 1982లో ఒకటి పదునాలుగవ స్థానమున ముగించినది. 1983లో 717సి అను చిన్న కారు పండ్రెండవదై, తన తరగతిలో మొదటిదయ్యెను.

ఆ తరువాతనే అసలైన మెట్లు కట్టిరి. 1986లో మూడు దిమ్మల యంత్రముతో 757 అను కారు వచ్చి, ఉన్న రెండును ఆగిపోయినవి. 1987లో అదే కారు ఏడవ స్థానమునకు ఎక్కినది. 1988లో నాలుగు దిమ్మల 767 వచ్చి, పదునేడవ, పందొమ్మిదవ స్థానములతో సరిపెట్టుకొన్నది. 1989లో దానిని దిద్ది 767బి అని తేగా మూడు కార్లును ఏడు, తొమ్మిది, పండ్రెండు స్థానములలో ముగించినవి. 1990లో క్రొత్తగా 787 వచ్చినది. రెండు కార్లును మధ్యలోనే ఆగినవి. ఈ లెక్కలను నేను కావలెననియే వరుసగా చదివితిని. ఒక యేడు ఎక్కుట, మఱుసటి యేడు జాఱుట, మఱల అడుగు నుండి మొదలిడుట, ఇదియే ఆ పదునెనిమిదేండ్ల చరిత్ర. 1974లో సిగ్మా కారును నడిపిన వారిలో యొజిరో తెరదా అను జపాను చోదకుడు కలడు. ఆతడు జీవితమున ఇరువదితొమ్మిది మాఱులు ఆ పందెమున దిగెను. ఆతని పేరు మఱల వచ్చును.

ఇపుడు నా తప్పునకు మూలమైన నియమము సంగతి. ప్రపంచ మోటారు పందెములను శాసించు అంతర్జాతీయ సంఘము 3.5 లీటర్ల మామూలు పిస్టను యంత్రములనే ఈ తరగతి కార్లలో వాడవలెనని ముందుగానే నిర్ణయించినది. ఆ నిర్ణయము మాజ్డా గెలుపునకు వెనుక వచ్చినది కాదు, ముందే వచ్చినది. దాని ప్రకారము 1990యే తిరుగుడు యంత్రమునకు చివరి యేడు కావలసినది. అయితే క్రొత్త తరగతి కార్లు చాలినన్ని సిద్ధము కాలేదు. బాట బోసిపోవునని పాతరకపు కార్లకు 1991లో ఇంకొక్క యేడు అవకాశమిచ్చిరి. మూయుటకు నిశ్చయమైన తలుపు ఒక సంవత్సరము ఓరగా తెఱచియున్నదన్నమాట. మాజ్డావారికి ఆ సంగతి తెలియును. తప్పినచో మఱల రాదని తెలిసియే సిద్ధపడిరి.

మాజ్డాస్పీడ్ అను పందెపు శాఖకు తకయోషి ఓహాషి నాయకుడు. పాతరకపు కార్లు 1,000 కిలోగ్రాముల బరువు ఉండవలెనని నియమముండగా, ఆతడు సంఘమువారితో వాదించి తమ తిరుగుడు కారు 830 కిలోగ్రాములతోనే నడచుటకు అనుమతి సంపాదించెను. ఈ 170 కిలోగ్రాముల తేలిక గెలుపులో చిన్న పాలు కాదు. అది దాచవలసిన సంగతియు కాదు. అందఱి యెదుట, పందెమునకు ముందే, నియమములలో వ్రాయించుకొన్న సౌకర్యము. లె మాన్ పందెమును ఆఱు మాఱులు గెలిచిన బెల్జియము వీరుడు జాకీ ఇక్స్ వారికి సలహాదారు. కారును రూపొందించినవాడు ఇంగ్లండువాడైన నైజెల్ స్ట్రౌడ్.

యంత్రము పేరు ఆర్26బి. ఒకే యిరుసుమీద నాలుగు దిమ్మలు. అన్నియు కలిసి 2.6 లీటర్లు. ఒక్కొక్క దిమ్మకు నిప్పురవ్వలనిచ్చు ప్లగ్గులు మూడు. కొనల పట్టెలు పింగాణి జాతి పదార్థముతో చేసినవి. గాలి పీల్చు గొట్టములు యంత్రవేగమును బట్టి పొడవు మాఱుచుండును. నిమిషమునకు 9,000 త్రిప్పులయొద్ద 700 గుఱ్ఱముల బలము. దాని అఱపు విన్నవారు ఎన్నడును మఱువలేదందురు.

అన్నిటికంటె విశేషము వేఱొకటి కలదు. ఆ యేటి నియమము ప్రకారము ఈ రకపు కారు ఒక్కొక్కటికి ఇరువదినాలుగు గంటలకును 2,550 లీటర్ల ఇంధనమే యిత్తురు. ఎంత బలమున్నను ఆ కొలతలోనే తిరుగవలెను. తాగుబోతని లోకము వెలివేసిన యంత్రము, కొలిచి పోసిన నూనెతో పందెమున నిలుచుటకు వచ్చినది.

1991 జూన్ 22వ తేదీ శనివారము సాయంకాలము పందెము బయలుదేరినది. మాజ్డా కార్లు మూడు. వానిలో 55వ సంఖ్యగల 787బి నారింజ, ఆకుపచ్చ రంగులు పూసికొని పందొమ్మిదవ వరుస స్థానమున నిలిచినది. దానిని నడుపువారు ముగ్గురు పడుచువాండ్రు: జర్మనీవాడు ఫోల్కర్ వైడ్లర్, ఇంగ్లండువాడు జానీ హెర్బర్ట్, మూడవవాడు బెర్ట్రాండ్ గాషో. హెర్బర్ట్ 1988లో ఒక పందెమున ఘోర ప్రమాదమునకు గుఱియై రెండు పాదములును చితికినవాడు. తెరదా 56వ సంఖ్య కారులో నుండెను.

క్రొత్త తరగతివైన పెజో కార్లు మొదట ముందునకు దూకి, తెల్లవాఱకుండగనే పందెమునుండి తొలగినవి. జాగ్వార్ కార్లకు బరువును, పెద్ద యంత్రమును ఉండుటచే ఇంధనమును పొదుపుచు అణగి నడువవలసివచ్చెను. జర్మనీవారి మెర్సిడెస్ కార్లు ఆధిక్యమును చేకొనినవి. మాజ్డా 55 తొందరపడలేదు. కొలతకు తగిన వేగమున, ఎక్కువసేపు ఆగకుండ, గంటగంటకు మెట్టు మెట్టుగా పైకి వచ్చి, ఆదివారము ఉదయమునకు ముందువానికి వెనుక చేరినది. మధ్యాహ్నము ఒంటిగంట కావచ్చుచుండగా, ఇంకను మూడు గంటలే మిగిలియుండగా, ముందున్న మెర్సిడెస్ కారులో ఒక చిన్న ఆనికముక్క విఱిగినది. దానితో నీటిపంపును త్రిప్పు బెల్టు ఊడినది. యంత్రము కాగిపోయినది. మన భాషలో చెప్పవలెనన్న కడచీల ఊడినది. 55వ సంఖ్య మొదటి స్థానమునకు వచ్చినది.

చివరి వంతు వైడ్లర్‌ది కావలసియుండెను. ఆ క్షణమున మనిషిని మార్చి కాలము పోగొట్టుకొనుట ఏలనని హెర్బర్టే కారులో నిలిచిపోయెను. సాయంకాలము నాలుగు గంటలకు 362 చుట్లు పూర్తియైనవి. రెండవదియైన జాగ్వార్ రెండు చుట్లు వెనుక. తిరిగిన దూరము ఇంచుమించు 4,920 కిలోమీటర్లు. మన స్టేషను మీదుగా పోవు హౌరా-చెన్నై రైలుమార్గము 1,660 కిలోమీటర్లు; దాదాపు దానికి మూడంతలు ఒక పగలు ఒక రేయిలో. సగటు వేగము గంటకు 205 కిలోమీటర్లు. లీటరు ఇంధనమునకు రెండు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. ఆ వేగమునకు అది పిసినిగొట్టు లెక్కయే. మాజ్డా వారి తక్కిన రెండు కార్లును ఆఱవ, ఎనిమిదవ స్థానములలో ముగించినవి. ఎనిమిదవది తెరదా కారు. పదునేడేండ్లు ఎదురుచూచిన గెలుపును ఆతడు ప్రక్క కారులోనుండి చూచెను. హెర్బర్ట్ కారు దిగినంతనే ఒడలిలో నీరింకి సొమ్మసిల్లెను. వైద్యులయొద్దకు మోసికొనిపోయిరి. గెలుపు వేదికమీద వైడ్లరును, గాషోయు మాత్రమే నిలిచిరి. ఇరువదియేండ్ల తరువాత, 2011లో, అదే కారును అదే బాటపై ప్రదర్శనగా నడిపినపుడు హెర్బర్ట్ ఆ వేదిక నెక్కగలిగెను.

మెర్సిడెస్ చెడకున్నచో మాజ్డా గెలిచెడిదా? గెలువకపోవచ్చును. కాకి వాలినప్పుడే తాటిపండు రాలినది కదా, ఇది కాకతాళీయమని మీలో పండితులు అనవచ్చును. నాకు తోచినది చెప్పెదను. పండు రాలుట కాకి చేతిలో లేదు. కాని రాలిన క్షణమున చెట్టుమీద నుండుట కాకి చేసిన పని. ఆ యేడు ఆ క్షణమున రెండవ స్థానమున నుండుటకు మాజ్డావారు దయ్యపు గోటిగీతలను దాటిరి, చమురు కఱవును దాటిరి, రెండు కార్లును ఆగిపోయిన సంవత్సరములను దాటిరి. పైగా ఇరువదినాలుగు గంటల పందెమున ఎదుటివాని ఇరుసు విఱుగుట అదృష్టము కాదు. ఆ పందెము పెట్టు పరీక్షయే అది. పిదప మాజ్డా యంత్రమును విప్పి చూచినపుడు లోపలి భాగములు మంచి స్థితిలోనే యుండెను.

లె మాన్ పందెమును జపాను సంస్థ గెలుచుట అదియే మొదలు. రెండవది టొయోటా, అందులకు 2018 వఱకు ఆగవలసివచ్చెను. పిస్టను లేని యంత్రము ఆ పందెమును గెలుచుట అదొక్కమాఱే. యంత్రమును తలపోసిన వాంకెల్ ఆ దినమును చూడలేదు. ఆతడు 1988లోనే కాలము చేసెను. 1992లో నియమము ముందుగా చెప్పినట్లే అమలులోనికి వచ్చెను. మాజ్డావారు అలిగి ఇంట కూర్చుండలేదు. మామూలు పిస్టను యంత్రము పెట్టిన వేఱొక కారుతో వచ్చి నాలుగవ స్థానమును పొందిరి. తిరుగుడు యంత్రపు కార్ల అమ్మకము 2012లో ఆగి, 2023లో విద్యుత్ కారులో కరెంటు పుట్టించు చిన్న సహాయయంత్రముగా మఱల ఒక దిమ్మతో మొదలైనది. గెలిచిన 55వ సంఖ్య కారు హిరోషిమాలో సంస్థవారియొద్ద భద్రముగా నున్నది.

ఇక నా బాకీ. ఓర్వలేక వెడలగొట్టిరన్న కథ ఏల అంత ఇంపుగా నుండెనని నన్ను నేను అడిగికొంటిని. అందులో మనకొక ఓదార్పు కలదు. మన ఊర మూతపడిన ప్రతిదానికిని, మనకు చేజాఱిన ప్రతి అవకాశమునకును ఎవని అసూయయో కారణమని చెప్పికొన్నచో మనస్సు తేలికపడును. నేను ఏండ్ల తరబడి పిల్లలకు ఆ తేలికనే పంచిపెట్టితిని. నిజమైన కథ అంతకంటె కఠినమైనది, అంతకంటె గౌరవమైనది. తలుపు మూయుదురని వారికి ముందే తెలియును. మూయువాడు వారి శత్రువు కాడు. మిగిలిన ఒక్క యేటిలో, కొలిచి యిచ్చిన ఇంధనముతో, పదునెనిమిదేండ్ల పనిని వారు ముగించిరి.

నాయొద్ద చదివిన పిల్లలు ఇపుడు తండ్రులును తాతలును అయియుందురు. వారిలో ఎవరైన ఈ ప్రసంగమును విన్నచో, నాడు నేను చెప్పిన ముగింపును కొట్టివేసి, నేడు చెప్పినదానిని తమ పిల్లలకు చెప్పవలెనని కోరుచున్నాను. నన్ను దిద్దిన శిష్యునకు ఆశీస్సులు. మీ అందఱియొద్ద సెలవు తీసికొనుచున్నాను.